పాత కీ వాచీ: కొనడం, బాగు చేయించడం, రోజూ కట్టుకోవడం

నా చేతికున్న పాత హెచ్‌ఎంటీ చూసి అందరూ అడిగేది ఒకటే: “అన్నా, ఇట్లాంటిది ఎక్కడ దొరుకుతుంది?” నిజానికి అది మూడో ప్రశ్న. “దీన్ని ఎవరు బాగు చేస్తారు?” అన్నది మొదటిది. “నా చేతికి ఏది నప్పుతుంది?” అన్నది రెండోది. ఈ వరుస తెలియక మొదటి ఏడాది ఐదు వాచీలు కొన్నాను. వాటిలో మూడు ఈ రోజుకీ డబ్బాలో ఆగిపోయే ఉన్నాయి.

ఇక్కడ చెప్పేది రోజూ కీ ఇచ్చే వాచీల గురించి, చేతి కదలికతో నడిచే ఆటోమేటిక్‌ల గురించి. అంటే మన నాన్నలు, మామయ్యలు కట్టుకున్న హెచ్‌ఎంటీ, సీకో 5, సిటిజన్, ఫావ్రె-ల్యూబా లాంటివి. లక్షల ఖరీదు చేసే స్విస్ వాచీలు కొనాలనుకుంటే ఇది చాలదు, వాటి దారి వేరు.

1. వాచీ కంటే ముందు మెకానిక్

తిరుపతిలో గాంధీ రోడ్డు చుట్టుపక్కల, చిత్తూరులో బజారు వీధుల్లో ఒక రోజు ఊరికే తిరగండి. బ్యాటరీలు, బెల్టులు మాత్రమే మార్చే అంగళ్లు చాలా కనిపిస్తాయి. మీకు కావాల్సింది అవి కాదు. గాజు పెట్టె వెనక కంటికి భూతద్దం బిగించుకుని, ముందు విప్పిన మిషను పెట్టుకుని కూర్చున్న మనిషి కావాలి. మిషను అంటే వాచీ లోపలి యంత్రం. మెకానిక్‌లు అందరూ ఆ మాటే వాడతారు.

మనిషి దొరికాక ఈ నాలుగు అడగండి:

- మిషనును పూర్తిగా విప్పి కడుగుతారా, ఉన్నది ఉన్నట్టు పెట్రోల్లో ముంచి తీస్తారా?
- హెచ్‌ఎంటీ స్ప్రింగు, బ్యాలెన్స్ (అటూ ఇటూ ఊగే చిన్న చక్రం) లాంటి సామాను దొరుకుతుందా?
- మార్చిన పాత సామాను తిరిగి ఇస్తారా?
- ఎన్ని రోజులు పడుతుంది?

చివరి ప్రశ్నకు “అర్ధగంటలో ఇచ్చేస్తా” అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. “వారం తర్వాత రాప్పా” అన్నాయన దగ్గర కూర్చోండి. విప్పి, కడిగి, ఒక్కో చోట తగిన నూనె చుక్క పెట్టి, రెండు మూడు రోజులు నడిపి చూడాలంటే వారం మామూలే.

ముంచి తీసే పని ఎందుకు వద్దంటున్నానో నా ఖర్చుతో తెలుసుకున్నాను. ఒకాయన నా మొదటి వాచీని అలాగే కడిగి అరగంటలో చేతిలో పెట్టాడు. రెండు నెలలు భలే నడిచింది. పెట్రోలు మురికిని పూర్తిగా తీయదు, ఉన్న కాస్త నూనెను మాత్రం కడిగేస్తుంది. ఎండిన ఇరుసులు రాపిడికి అరిగిపోయాయి.

కొత్త మెకానిక్‌కి ముందు ఒక చవక వాచీ ఇచ్చి చూడండి. నాన్నగారి వాచీతో ప్రయోగం వద్దు. పని నచ్చితే కూలి దగ్గర బేరమాడకండి. ఈ విద్య తెలిసిన వాళ్లు తగ్గిపోతున్నారు, ఆయనకు మీ అవసరం కంటే మీకు ఆయన అవసరమే ఎక్కువ.

2. చేతికి కొలత

పాత మగవాళ్ల వాచీలు ఎక్కువగా 34 నుంచి 37 మిల్లీమీటర్లు. ఇప్పటి 42 మిల్లీమీటర్ల వాచీ అలవాటైన వాళ్లకు మొదట ఆడవాళ్ల వాచీలా అనిపిస్తుంది. పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు ఉంటుంది. దాని చుట్టూ 4 మిల్లీమీటర్లు పెంచి అట్టముక్క కత్తిరిస్తే 35 వస్తుంది, హెచ్‌ఎంటీలో జనతా అనే మోడల్ దాదాపు అంతే. దాన్ని మణికట్టు మీద పెట్టి అద్దంలో చూసుకోండి. ఒక వారం కట్టుకుంటే కన్ను అలవాటు పడుతుంది, ఆ తర్వాత పెద్ద వాచీయే పళ్లెంలా కనిపిస్తుంది.

బెల్టు తగిలించే కొమ్ముల మధ్య వెడల్పు కూడా కొలవండి. హెచ్‌ఎంటీల్లో ఎక్కువగా 18 ఉంటుంది, కానీ 17 కూడా తగులుతుంది. కొలవకుండా బెల్టు కొనకండి.

3. ఎక్కడ వెతకాలి

మొదట ఇంట్లో బీరువా. వెటకారం కాదు. పెళ్లికి పెట్టిన వాచీ, రిటైర్మెంటు రోజు ఇచ్చిన వాచీ, కువైట్ నుంచి మామయ్య తెచ్చిన సీకో 5 అక్కడే ఉంటాయి. గల్ఫ్ నుంచి వచ్చిన సీకోల్లో వారం పేరు ఇంగ్లీషులోనూ అరబిక్‌లోనూ వస్తుంది. అరబిక్ కనిపించిందని నకిలీ అనుకోకండి, అది మంచి గుర్తే.

బీరువాలో దొరికిన దాన్ని వెంటనే నిండా కీ ఇచ్చి నడిపించకండి. ఇరవై ఏళ్లుగా నూనె ఎండిపోయి ఉంటుంది. రెండు మూడు చుట్లు తిప్పి, బ్రతికి ఉందో లేదో చూసి, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. బ్యాటరీ వాచీ దొరికితే ముందు బ్యాటరీ తీయించండి, అది కారితే లోపలి సర్క్యూటు పాడవుతుంది.

తర్వాత మెకానిక్ గాజు పెట్టె. బాగు చేయించుకుని తీసుకెళ్లని వాచీలు ఆయన దగ్గర పడి ఉంటాయి. ఇలా కొంటే ధర కాస్త ఎక్కువైనా, లోపల ఏముందో తెలిసిన మనిషి దగ్గర కొన్నట్టు.

ఆ తర్వాత బయటి ఊళ్లు. బెంగళూరు చిక్కపేట ప్రాంతంలో ఆదివారం సంత, హైదరాబాదులో ఎర్రగడ్డ సంత. అక్కడ పగటి వెలుగులోనే కొనండి.

మన తిరుపతికే ప్రత్యేకమైన దారి ఇంకొకటి ఉంది. శ్రీవారి హుండీలో భక్తులు వేసిన వాచీలను తితిదే అప్పుడప్పుడు రాష్ట్ర ప్రభుత్వ కొనుగోలు పోర్టల్ ద్వారా ఈ-వేలం వేస్తుంది. కొత్తవి, వాడినవి, కొంత దెబ్బతిన్నవి లాట్లుగా కట్టి అమ్ముతారు. ఒక్క వాచీ ఏరుకోవడం కుదరదు. టైటాన్, కాసియో, టైమెక్స్ లాంటి బ్యాటరీ వాచీలే ఎక్కువ. స్వామివారి వాచీ అనే భక్తితో కొంటే సంతోషమే, కీ వాచీ కోసమైతే నలుగురు కలిసి ఒక లాటు తీసుకోవడం మేలు. మొదటి కొనుగోలుకు మాత్రం ఇది పనికిరాదు.

ఆన్‌లైన్‌లో కొనడం ఆఖరి దారి. ఎందుకో ఐదో మెట్టులో చెబుతాను.

4. కొనే చోట పది నిమిషాల పరీక్ష

ఈ వరుసలోనే చేయండి. ముందు ధర మాట్లాడకండి.

1. చెవి దగ్గర పెట్టుకోండి. టిక్ టిక్ సమానంగా వినిపించాలి. కుంటి నడకలా టిక్-టిక్… టిక్-టిక్ అంటే లోపల సర్దాల్సింది ఉంది.
2. కీ వాచీ అయితే కీ నాలుగైదు చుట్లు తిప్పండి. పట్టు తెలియాలి, జారకూడదు.
3. కీ బయటికి లాగి ముళ్లు ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఒకదానికొకటి తగలకూడదు, మరీ వదులుగానూ ఉండకూడదు.
4. వెనక మూత మీద స్క్రూడ్రైవర్ గీతలు చూడండి. ఎక్కువ గీతలంటే ఎక్కువ చేతులు పడ్డాయని అర్థం.
5. మూత తీసి చూపించమనండి. తుప్పు, పచ్చటి చిలుము, వేలిముద్రలు చూడండి. మిషను మీద కంపెనీ పేరు డయల్ మీది పేరుతో కలవాలి.
6. డయల్ పైకి, కిందికి, కీ కిందికి పెట్టి ఒక్కో నిమిషం చూడండి. ఏ భంగిమలోనూ ఆగకూడదు.
7. ఫోను టైముతో కలిపి, అటూ ఇటూ నడిచి పది నిమిషాల తర్వాత మళ్లీ చూడండి.

మూత తీయనంటే కొనకండి. “సీలు పోతుంది సార్” అంటారు. నలభై ఏళ్ల వాచీకి సీలేమిటి?

మూత మీద “స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్” అని ఉంటే మొత్తం స్టీలు అనుకోవద్దు. ఆ మాటకు అర్థం మూత మాత్రమే స్టీలని, మిగతాది పూత వేసిన ఇత్తడి లాంటి లోహమని. కొమ్ముల కింద, చర్మానికి తగిలే చోట పూత లేచిందేమో అక్కడ చూడండి.

5. రంగు వేసిన డయల్‌ను పట్టుకోవడం

కొత్తగా కొనేవాళ్లలో చాలామంది పడిపోయే గుంత ఇదే. పాత డయల్ గీకి, ఎర్ర, పసుపు, నారింజ రంగులు కొట్టి, మీద కొత్తగా పేరు అచ్చు వేసి అమ్ముతారు. ఫోటోలో కళకళలాడుతుంది. నేను కూడా ఒక ఎర్ర డయల్ హెచ్‌ఎంటీ పైలట్‌కి మోసపోయాను. చేతికొచ్చాక చూస్తే నిమిషాల గీతలు అంచు దగ్గర ముళ్లకంచెలా వంకరపోయి ఉన్నాయి.

ఫోను కెమెరా జూమ్ చేసి ఇవి చూడండి:

- అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా, సిరా పాకిందా?
- నిమిషాల గీతలు అంకెల గుర్తుల మధ్యకు సరిగ్గా వస్తున్నాయా?
- 12, 6 గుర్తులు కలిపితే నిట్టనిలువు గీత వస్తుందా?
- తేదీ కిటికీ అంచున రంగు ముద్దగా ఉందా?
- పాత వాచీలో డయల్ మాత్రమే మెరుస్తూ, ముళ్లు తుప్పుపట్టి ఉన్నాయా?

సీకోకు ఇంకో గట్టి పరీక్ష ఉంది. అసలు డయల్ అడుగు అంచున చాలా చిన్న అక్షరాల్లో ఒక నంబరు ఉంటుంది. అందులో మొదటి నాలుగు అంకెలు (అదే మిషను నంబరు), ఉదాహరణకు 7009, వెనక మూత మీది నంబరు మొదటి నాలుగు అంకెలతో కలవాలి. రంగు వేసిన డయల్ మీద ఈ చిన్న నంబరు సాధారణంగా ఉండదు.

సీకో ఏ ఏడాదిదో కూడా మూతే చెబుతుంది. సీరియల్ నంబరులో మొదటి అంకె ఏడాది చివరి అంకె, రెండోది నెల. అక్టోబరు, నవంబరు, డిసెంబరులకు ఇంగ్లీషు ఓ, ఎన్, డి అక్షరాలు. 83తో మొదలైతే ఎనిమిదితో ముగిసే ఏడాది మార్చి. మిషను 7009 అయితే అది 1978 గానీ 1988 గానీ కావచ్చు.

పచ్చగా మెరిసే గుర్తులున్న 1960ల ముందు స్విస్ వాచీలతో ఒక జాగ్రత్త. వాటిలో రేడియం పూత ఉండొచ్చు. వెలుగు ఎప్పుడో చచ్చిపోయినా రేడియో ధార్మికత పోదు, ఆ రేడియం సగం తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. అలాంటి దాని గ్లాసు మీరు తీయకండి, డయల్ గీకకండి, ఇంట్లో పిల్లల చేతికివ్వకండి.

6. కొన్న వారంలో సర్వీసు

“సర్వీసు అయిపోయింది” అనే అమ్మేవాడి మాట లెక్కలోకి తీసుకోవద్దు. వాచీ ధరలో సగమైనా సర్వీసు కోసం ముందే పక్కన పెట్టుకోండి. వెయ్యి ఉంటే వెయ్యి వాచీ కొనకూడదు.

మెకానిక్‌కి ఇచ్చేముందు డయల్‌ని, మూత తీసి మిషనును ఫోటో తీసుకోండి. చీటీ మీద ఇవి రాసివ్వండి: డయల్‌కి రంగు వేయొద్దు, కేసు (వాచీ బయటి లోహపు గూడు) పాలిష్ పట్టొద్దు, ముళ్లు మార్చొద్దు, పాత సామాను ఇవ్వండి. నోటితో చెబితే మరిచిపోతారు. పాపం, వాళ్ల మనసులో మెరిపించి ఇవ్వడమే మర్యాద.

గ్లాసు గీతలు మాత్రం ఇంట్లోనే పోగొట్టుకోవచ్చు. గోటితో తట్టండి. ప్లాస్టిక్ చప్పుడొస్తే యాక్రిలిక్, హెచ్‌ఎంటీ కీ వాచీల్లో ఎక్కువగా అదే. చుట్టూ అంచుకి టేపు అంటించి, తెల్లటి టూత్‌పేస్టు కొంచెం మెత్తటి నూలు గుడ్డతో ఐదు నిమిషాలు గుండ్రంగా రుద్దండి. తడి గుడ్డతో తుడిచేయండి, నీళ్ల కింద పెట్టకండి. సీకోల్లో ఉండేది గాజు కాబట్టి దానికి ఈ చిట్కా పనిచేయదు. పగులుంటే కొత్త గ్లాసే.

7. కీ ఇవ్వడం, తేదీ మార్చడం

రోజూ ఒకే వేళకు, పొద్దున కాఫీ అయ్యాక, కీ ఇవ్వండి. ఇచ్చేటప్పుడు వాచీ చేతికి ఉండకూడదు. చేతికుంటే కీ పక్కకు వంగి దాని కాడ అరుగుతుంది. మెల్లగా తిప్పుతూ, పట్టు గట్టిపడి ఆగినట్టు అనిపించగానే ఆపేయండి. చుట్లు లెక్కపెట్టనక్కర్లేదు. “ఎక్కువ కీ ఇస్తే చెడిపోతుంది” అనే భయంతో సగం ఇచ్చి వదిలేస్తారు, అందుకే మధ్యాహ్నానికే టైము తప్పుతుంది. చెడేది ఆగిన తర్వాత కూడా బలవంతంగా తిప్పితేనే.

సీకో 5లో 7009, 6309 లాంటి మిషన్లకు కీ ఇచ్చే ఏర్పాటే లేదు. ఆగిపోతే అరనిమిషం పక్కలకు మెల్లగా ఊపి కట్టుకోండి. గిలకలా కొట్టకండి.

తేదీ ఉన్న వాచీలో రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా తేదీని కీతో మార్చకండి.  ఆ వేళ లోపలి చక్రాల పళ్లు ఒకదాన్లో ఒకటి కూర్చుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. ఆగిపోయిన వాచీ చూపేది పగలో రాత్రో తెలియదు కాబట్టి, ముందు ముళ్లను ఆరున్నరకు తెచ్చి తేదీ మార్చి, తర్వాత ముందుకు తిప్పి టైము పెట్టండి. పన్నెండు దాటేటప్పుడు తేదీ మారితే అది అర్ధరాత్రి.

8. మన ఎండలో కట్టుకోవడం

తిరుపతి వేసవిలో తోలు బెల్టు మూడు నెలలు బ్రతికితే గొప్ప. వేసవికి నైలాన్ బెల్టు మేలు. వాచీ కింద నుంచి ఒకే పట్టీగా వెళ్లే రకం తీసుకోండి. ఒక పిన్ను ఊడినా వాచీ కిందపడదు. తోలు కావాలంటే రెండు ఉంచుకుని రోజు మార్చి రోజు వాడండి.

- సాయంత్రం ఇంటికి రాగానే తీసి, వెనక మూతను పొడిగుడ్డతో తుడవండి. పూత తినేసేది చెమటే.
- చేతికి పచ్చటి మరక పడుతుంటే, కేసు బయట చర్మానికి తగిలే వైపు రంగులేని నెయిల్ పాలిష్ పలచగా రాయండి. నెలకోసారి మళ్లీ రాయాలి.
- గుడిలో విభూతి, చందనం, కుంకుమ పెట్టుకునే చేతికి వాచీ వద్దు. పొడి కీ సందులోకి పోతుంది.
- టెంకాయ కొట్టేటప్పుడు, బోరింగు కొట్టేటప్పుడు, క్రికెట్ ఆడేటప్పుడు తీసేయండి. దెబ్బ నేరుగా బ్యాలెన్స్ ఇరుసుకు తగులుతుంది.
- అలిపిరి మెట్లెక్కే రోజు జేబులో పెట్టుకోండి. 3550 మెట్ల చెమటకు ఏ పాత వాచీ తట్టుకోదు.

మూత మీద “వాటర్ రెసిస్టెంట్” అని చెక్కి ఉన్నా నీళ్లకు దూరమే. లోపలి రబ్బరు ఎప్పుడో గట్టిపడి పోయి ఉంటుంది. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కదా, బండి మీద తడిస్తే చాలు. గ్లాసు లోపల ఆవిరి కనిపిస్తే ఆ రోజే మెకానిక్‌తో మూత తీయించండి. ఆదివారమై కుదరకపోతే మూత గట్టి డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టండి. ఎండలో మాత్రం పెట్టకండి.

9. వారం రోజులు టైము రాసుకోండి

సర్వీసై వచ్చాక రోజూ పొద్దున అదే వేళకు ఫోనుతో పోల్చి ఎన్ని సెకన్లు ముందో వెనకో రాయండి. పాత కీ వాచీకి రోజుకు అరనిమిషం అటూ ఇటూ అయితే నేను మంచి వాచీ అంటాను. రోజూ ఒకే తేడా వస్తే ఇంకా మంచిది, మెకానిక్ ఒక్క మీట జరిపి సరిచేస్తాడు. ఒక రోజు ఇరవై ముందు, మరుసటి రోజు నలభై వెనక అయితే ఆ మీటతో పని కాదు.

ఫోనులో టైమ్‌గ్రాఫర్ యాప్‌లు ఉన్నాయి, అవి వాచీ టిక్ టిక్ విని ఎంత ముందో వెనకో చెబుతాయి. హెచ్‌ఎంటీ కీ వాచీ గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు ఐదు. పైన చెప్పిన సీకోలు 21,600. యాప్‌లో ఆ అంకె సరిగా ఎంచుకోకపోతే ఫలితం చెత్తగా వచ్చి అనవసరంగా టెన్షన్ పడతారు.

లక్షణం బట్టి ఇలా చూడండి:

- గంటకు నిమిషాలు ముందుకు పరిగెడుతోంది: అయస్కాంతం పట్టి ఉండొచ్చు. స్పీకరు, ఫోను ఫ్లిప్ కవరు పక్కన పెట్టారా? దిక్సూచి దగ్గర పెడితే సూది ఊగుతుంది. మెకానిక్ దగ్గర అయస్కాంతం తీసే యంత్రం ఉంటుంది, నిమిషం పని.
- లోపల టిక్ టిక్ వస్తోంది, ముళ్లు కదలడం లేదు: ముళ్లను పట్టుకునే గొట్టం వదులైంది. చిన్న పనే.
- కీ ఎంత తిప్పినా అంతు లేదు: కీ వాచీ అయితే స్ప్రింగు తెగింది.
- రోజూ ఒకే చోట ఆగుతోంది: ముళ్లు తగులుతున్నాయి, లేదా ఏదో పన్ను వంగింది.
- రాత్రి బల్ల మీద పెడితే ఆగుతోంది: స్ప్రింగు బలహీనం లేదా మురికి. మళ్లీ సర్వీసు అడగండి, ఇది మీ హక్కు.

10. దాచడం

కట్టని వాచీలను నెలకోసారి నాలుగు చుట్లు తిప్పి కాసేపు నడవనివ్వండి. డబ్బాలో సిలికా జెల్ సంచి వేసి, రెండు మూడు నెలలకోసారి మార్చండి. బెల్టు తీసేసి పెడితే తోలు వాసన, తేమ కేసుకు పట్టవు.

నాలుగైదు వాచీలు దాటితే ఏది ఎప్పుడు సర్వీసైందో గుర్తుండదు. ఒక్కో దానికి చిన్న చీటీ రాసి పెట్టండి: కొన్న తేదీ, కొన్న చోటు, మిషను నంబరు, సర్వీసు చేసినాయన పేరు, ఏం మార్చారు, రోజుకు ఎన్ని సెకన్లు. మళ్లీ నాలుగైదేళ్లకు ఆ చీటీ, వాచీ రెండూ కలిపి మెకానిక్ చేతికివ్వండి. మా మెకానిక్‌కైతే ఈ చీటీలు చూసి నవ్వొస్తుంది, “ఆసుపత్రి కేసు షీట్లా సార్” అంటాడు. కానీ మూత తీసే ముందు ఒకసారి చదువుతాడు.